జార్జి వాషింగ్టను చరిత్రము

జార్జి వాషింగ్టను పేరు వినగానే మనలో ఆంగ్లవిద్య నభ్యసించిన వారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది యొక చెట్టు కథ. బాలుడైన వాషింగ్టను తన తండ్రి ప్రీతితో పెంచుకొన్న చెర్రీచెట్టును చిన్న గొడ్డలితో నరికెననియు, తండ్రి యడిగినప్పుడు బొంకక తన తప్పు నొప్పుకొనెననియు ఆ కథ చెప్పుచున్నది. ఈ కథకు ఆధార మేమియు లేదు. ఆయన చనిపోయిన పిమ్మట వీమ్సు అను మతబోధకు డొకడు ఆయన చరిత్రమును వ్రాసి, 1806వ సంవత్సరపు కూర్పునందు దీనిని చేర్చెను. సత్యవ్రతమును బోధించుటకై అసత్యమును కల్పించుట కంటె వింత మఱి యేమి కలదు? గొప్పవారి చరిత్రములకు ఇట్టి కల్పనలను తొడుగుట అన్ని దేశములందును కలదు. మన దేశమునందు మఱింత కలదు. దానివలన వారు పూజకు మాత్రమే పనికివచ్చు బొమ్మ లగుదురు గాని, మనకు మార్గము చూపు మనుష్యులు కాజాలరు. కావున మే మీ చరిత్రమునందు నిజముగా జరిగిన దానినే చెప్పదలచితిమి. వాషింగ్టను చేసిన ఘనకార్యములను దాచము. ఆయన చేయవలసియు చేయక విడిచిన దానిని గూడ దాచము.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీని ఉత్తర అమెరికా తూర్పుతీరము నందలి వర్జీనియా యను ఆంగ్లేయ వలసరాజ్యమున జన్మించెను. తండ్రి యగు అగస్టిను పొగాకు పండించు భూస్వామి. తల్లి పేరు మేరీ. సవతియన్నలు ఇంగ్లండునకు పోయి చదువుకొనిరి గాని, జార్జికి పదునొకండవ యేటనే, అనగా 1743వ సంవత్సరమున, తండ్రి మరణించుటచేత ఆ భాగ్యము కలుగలేదు. ఆయన యే కళాశాలయందును చదివినవాడు కాడు. లెక్కలును, భూమిని కొలుచు విద్యయు శ్రద్ధతో నేర్చుకొని, పదునేడవ యేటనే యొక జిల్లాకు భూమి కొలుచు ఉద్యోగి యయ్యెను. సభ్యప్రవర్తనమునకు సంబంధించిన 110 సూత్రములను బాల్యముననే తన చేతితో వ్రాసికొనెను. స్వభావముచేత మిక్కిలి కోపము గలవాడయ్యు, ఆ కోపమును అణచుకొనుట ఆయన జన్మమంతయు చేసిన సాధన. తండ్రి మరణశాసనమువలన ఆ బాలునకు కొంత భూమితోపాటు పదిమంది నీగ్రో బానిసలును సంక్రమించిరి. పదునొకండేండ్ల పిల్లవాడు పదిమంది మనుష్యులకు యజమాను డయ్యెను! ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలయును. చరిత్రము ముగియక ముందు మనము దీనికి మరల రావలసియున్నది.

1751వ సంవత్సరమున రోగియైన యన్నతో బార్బడోసు ద్వీపమునకు పోయినప్పుడు ఆయనకు మశూచికము సోకెను. ప్రాణము దక్కినది గాని ముఖమున మచ్చలు నిలిచెను. ఈ వ్యాధి తరువాత ఆయన కొక సైన్యమును రక్షించు వివేకము నిచ్చినది. ఆ దినములలో ఒహాయో నదీప్రాంతమునకై ఆంగ్లేయులును ఫ్రెంచివారును పోరాడుచుండిరి. ఇరువదియొక్క యేండ్ల వాషింగ్టను 1753వ సంవత్సరమున గవర్నరు పంపగా, చలికాలమున అడవులను దాటి ఫ్రెంచివారి కోటకు లేఖ తీసికొనిపోయెను. మఱుసటి యేట చిన్న పటాలముతో పోయి, జూలై 3వ తేదీని ఓడిపోయి శత్రువులకు లొంగిపోయెను. 1755వ సంవత్సరమున బ్రాడకు సేనాని ఫ్రెంచివారి చేతను, వారి పక్షమున నిలిచిన అమెరికా మూలవాసుల చేతను ఘోరముగా ఓడి మరణించినప్పుడు, వాషింగ్టను ఎక్కిన రెండు గుఱ్ఱములు కూలెను. ఆయన కోటును నాలుగు గుండ్లు చీల్చుకొనిపోయెను. ఇట్లు ఆయన యుద్ధవిద్య విజయములవలన గాక పరాజయములవలననే నేర్చుకొనెను. రాజసైన్యమున స్థిరమైన ఉద్యోగము కోరినను, వలసవాడని దాని నాయన కియ్యరైరి. 1759వ సంవత్సరమున ఆయన ఇద్దరు బిడ్డలు గల మార్తా కస్టిసు అను వితంతువును పెండ్లాడి, ఆ బిడ్డలను తన బిడ్డలుగా పెంచి, మౌంటు వెర్నను అను తన గ్రామమున సేద్యము చేసికొనుచుండెను. ఆ దేశమున వితంతువును పెండ్లాడుట వింత గాదు. ఆమె పరువునకు గాని ఆయన పరువునకు గాని దానివలన లోపము రాలేదు.

ఇట్టి నెమ్మదియైన గృహస్థుడు రాజద్రోహి యని పేరు పొందుట ఎట్లు? ఏడేండ్ల యుద్ధము 1763వ సంవత్సరమున ముగిసినప్పటికి ఇంగ్లండునకు గొప్ప అప్పు నిలిచియుండెను. దానిలో కొంత భారమును వలసలవారు మోయవలయునని పార్లమెంటువారు తలచిరి. 1765వ సంవత్సరమున పత్రములపై ముద్రాశుల్కము విధించిరి. తమ ప్రతినిధి యొక్కడైన లేని సభ తమపై పన్ను వేయరాదని వలసలవారు వాదించి, ఆంగ్లేయ సరకులను కొనుట మానిరి. మఱుసటి యేట ఆ శాసనము రద్దయ్యెను. 1767వ సంవత్సరమున గాజు, కాగితము, రంగులు, తేయాకు మొదలగు వానిపై మరల సుంకములు విధింపబడెను. 1770వ సంవత్సరమున తక్కినవి తీసివేసి, తేయాకు సుంకమును మాత్రము నిలిపిరి. పన్ను వేయు హక్కు తమకు కలదని చూపుటయే దాని యుద్దేశము.

ఇచ్చట మన దేశమునకును ఆ కథకును ముడి పడుచున్నది. తూర్పు ఇండియా కంపెనీవారు 1766వ సంవత్సరమున నైజాముతో సంధి చేసికొని మన ఉత్తర సర్కారులను సంపాదించిరి. 1770వ సంవత్సరమున వంగదేశమును ఘోరక్షామము పాడుచేసెను. దేశములను గెలిచిన ఆ కంపెనీయే అప్పులలో మునిగి 1772వ సంవత్సరమున దివాలా తీయు స్థితికి వచ్చెను. వారి గిడ్డంగులలో చీనాదేశపు తేయాకు గుట్టలుగా పడియుండెను. ఆ తేయాకును వలసలలో చౌకగా అమ్ముకొనుటకు 1773వ సంవత్సరమున పార్లమెంటువారు సెలవిచ్చిరి. ధర తగ్గినను సుంకము నిలిచియుండుటచేత, చౌకసరకు ఆశ చూపి తమ హక్కును కొనివేయుచున్నారని వలసలవారు గ్రహించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను పట్టణస్థులు కొందఱు మూలవాసుల వేషములతో ఓడల నెక్కి 342 పెట్టెల తేయాకును సముద్రమున పారబోసిరి. కోపించిన పార్లమెంటువారు 1774వ సంవత్సరమున బోస్టను రేవును మూసివేసి, ఆ రాష్ట్రపు స్వపరిపాలనమును తగ్గించిరి. ఒక్క పట్టణమును శిక్షింపగా తక్కిన వలసలన్నియు దానికి తోడు నిలిచెను. ఇదియే ఇంగ్లండువారు ఊహింపని విషయము.

ఆ సెప్టెంబరున పండ్రెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో సభ చేసిరి. వాషింగ్టనును వారిలో నొకడు. ఆయన వక్త గాడు. తక్కువ మాటలాడి యెక్కువ వినువాడు. 1775వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీని లెక్సింగ్టను, కాంకర్డు గ్రామములలో రాజభటులకును గ్రామరక్షకులకును పోరు జరిగి రక్తము చిందెను. జూను 15వ తేదీని ప్రతినిధిసభవారు వాషింగ్టనును సేనానాయకునిగా నెన్నుకొనిరి. ఆయన జీతము వలదని చెప్పి, తనకగు వ్యయము మాత్రము లెక్క వ్రాసి చూపుదునని యొప్పుకొని, ఎనిమిదేండ్లు అట్లే చేసెను.

ఆయనకు దొరకిన సైన్యమును చూచినవా రెవ్వరును విజయమును ఆశించి యుండరు. రైతులును, చేతిపనివారును, దుకాణదారులును కొలదినెలల గడువునకు చేరినవారు. గడువు తీరగానే యిండ్లకు పోవుదురు. తుపాకిమందు లేదు; క్రమశిక్షణ లేదు; ఒక రాష్ట్రపువాడు మఱియొక రాష్ట్రపువాని యాజ్ఞను వినడు. వాషింగ్టను బోస్టను చుట్టును ఈ గుంపును నిలిపి, ఒకవైపున శత్రువును కాచుచు, మఱియొకవైపున దీనిని సైన్యముగా మార్చుచు వచ్చెను. హెన్రీ నాక్సు అను పుస్తకముల వర్తకుడు దూరపు కోటనుండి పెద్ద ఫిరంగులను మంచుపై ఈడ్పించి తెచ్చెను. వానిని ఒక్క రాత్రిలో గుట్టలపై కెక్కించి నిలుపగా, 1776వ సంవత్సరము మార్చి 17వ తేదీని ఆంగ్లేయులు పట్టణము విడిచి ఓడలెక్కిపోయిరి.

జూలై 4వ తేదీని ప్రతినిధిసభవారు స్వాతంత్ర్య ప్రకటనమును అంగీకరించిరి. మనుష్యులందఱును సమానులుగా పుట్టిరనియు, ప్రజల సమ్మతియే ప్రభుత్వమునకు మూలమనియు ఆ ప్రకటనము లోకమునకు చాటెను. దానిని రచించిన జెఫర్సనును, దానిని సైనికులకు చదివించిన వాషింగ్టనును బానిసలకు యజమానులే. ఆ వైరుధ్యమును ఆనాడే ఎత్తిచూపినవారు కలరు.

ప్రకటనము వ్రాయుట సులభము, నిలుపుట కష్టము. ఆ వేసవిని ముప్పదివేలకు పైగా శత్రుసైనికులు న్యూయార్కు చెంత దిగిరి. ఆగస్టు 27వ తేదీని లాంగు ఐలండునందు వాషింగ్టను ఓడిపోయెను. వెనుక నది, ముందు శత్రువు. అట్టి స్థితిలో రెండుదినములు గడచిన పిమ్మట రాత్రివేళ, దైవవశమున కమ్మిన పొగమంచు చాటున, సుమారు తొమ్మిదివేలమందిని పడవలపై నిశ్శబ్దముగా ఆవలికి చేర్చెను. తరువాత న్యూయార్కు పోయినది, కోటలు పోయినవి, సైన్యము కరగిపోవుచు న్యూజర్సీ మీదుగా పరుగెత్తెను. సంవత్సరాంతమునకు చాలమంది గడువు తీరనుండెను. అప్పుడు క్రిస్మసు రాత్రి, మంచుగడ్డలు తేలుచున్న డెలవేరు నదిని 2,400 మందితో దాటి, తెల్లవారగానే ట్రెంటనునందున్న జర్మను కూలిసేనపై బడి, సుమారు తొమ్మిదివందలమందిని పట్టుకొనెను. వారము దినములు గడచినంతనే ప్రిన్సుటనునందును గెలిచెను. ఇవి పెద్ద యుద్ధములు గావు. కాని ఆరిపోవుచున్న దీపమునకు చమురు పోసినట్లయ్యెను.

ఆ చలికాలముననే ఆయన చేసిన మఱియొక కార్యము యుద్ధకథలలో మఱుగుపడుచున్నది. మశూచికము శత్రువుల గుండ్లకంటె నెక్కువమందిని చంపుచుండెను. అప్పటి కింకను జెన్నరు కనిపెట్టిన గోమశూచికపు టీకాలు లేవు. రోగి పొక్కులలోని రసి నెత్తి ఆరోగ్యవంతుని చర్మమున నంటించుటయే పద్ధతి. అది యపాయకరమని చాలమంది భయపడుచుండిరి. కొన్నిచోట్ల శాసనములే దానిని నిషేధించెను. వాషింగ్టను 1777వ సంవత్సరారంభమున సైన్యమున కంతటికిని ఈ టీకా వేయవలసినదని ఆజ్ఞాపించెను. మూఢభయమును లక్ష్యపెట్టక విద్య చూపిన మార్గమును అనుసరించుటవలన ఆ సైన్యము నిలిచినది.

1777వ సంవత్సరమున ఆయన బ్రాండీవైను, జర్మనుటౌను అను రెండుచోట్ల ఓడెను. రాజధానియైన ఫిలడెల్ఫియా శత్రువుల పాలయ్యెను. కాని ఉత్తరమున అక్టోబరు 17వ తేదీని సారటోగా వద్ద బర్గాయిను సేనాని తన సైన్యమంతటితో అమెరికనులకు లొంగిపోయెను. ఈ విజయము గేట్సు అను మఱియొక సేనానిది. అప్పుడు వాషింగ్టనును తొలగించి గేట్సును నిలుపవలయునని గుసగుసలు బయలుదేరెను. ఆయన వానికి ప్రతిగా కుట్రలు పన్నక తన పని తాను చేసికొనుచుండెను. ఆ చలికాలము వ్యాలీ ఫోర్జి యను చోట సైన్యము గుడిసెలలో గడపెను. పండ్రెండువేలమందిలో సుమారు రెండువేలమంది రోగములచేత మరణించిరి. పాదరక్షలు లేక గుడ్డలు చుట్టుకొన్నవారును, దుప్పటి లేక నిప్పు చెంత తెల్లవారులు కూర్చుండినవారును ఉండిరి. చుట్టుప్రక్కల రైతులలో కొందఱు ధాన్యమును రొక్కమిచ్చు శత్రువులకే అమ్ముకొనిరి. ఈ దుస్థితిలోనే స్టూబెను అను జర్మను సేనాని వచ్చి సైనికులకు కవాతు నేర్పెను. వేసవికి ఆ గుడిసెలనుండి వెలువడినది నిజమైన సైన్యము.

సారటోగా విజయమును చూచి ఫ్రెంచిరాజు 1778వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీని అమెరికనులతో సంధి చేసికొనెను. ఫ్రాంక్లిను పారిసు నగరమున ఓర్పుతో నడపిన రాయబారమే దీనికి కారణము. ఫ్రెంచిరాజు స్వాతంత్ర్యప్రియుడు గాడు; ఇంగ్లండునకు శత్రువు. ఆ యుద్ధపు సెగ మన తీరమునకును తగిలెను. ఆ సంవత్సరముననే ఆంగ్లేయులు పుదుచ్చేరిని ఫ్రెంచివారినుండి పట్టుకొనిరి. తరువాత 1782, 1783వ సంవత్సరములలో ఫ్రెంచి నౌకాసేనాని సఫ్రెను మన తూర్పుసముద్రమున ఆంగ్లేయులతో పోరాడెను.

అయినను విజయము వెంటనే రాలేదు. కాగితపు నాణెము విలువ లేక పోయెను. సైనికులకు జీతములు ముట్టలేదు. 1780వ సంవత్సరము మే నెలలో చార్లెస్టను పట్టణమును, అందలి సైన్యమును శత్రువుల చేజిక్కెను. సెప్టెంబరులో వాషింగ్టను మిక్కిలి నమ్మిన ఆర్నాల్డు సేనాని వెస్టుపాయింటు కోటను ద్రవ్యమునకు శత్రువుల కమ్మజూచి, గుట్టు బయటపడగా పారిపోయెను. 1781వ సంవత్సరము జనవరిలో పెన్సిల్వేనియా దళములు జీతములకై తిరుగబడెను. ఇట్టి చీకటిలో దక్షిణమున గ్రీను సేనాని, యుద్ధములు ఓడుచునే శత్రువును అలయించుచు, కార్నువాలిసు ప్రభువును సముద్రతీరమునకు నడిపించెను. కార్నువాలిసు యార్కుటౌనున కోట కట్టుకొని ఓడలకై యెదురుచూచెను. న్యూయార్కును ముట్టడింపవలయునని యెంతయో కోరుచుండిన వాషింగ్టను, ఫ్రెంచి నౌకాసేన చీసపీకు అఖాతమునకు వచ్చుచున్నదని విని, తన కోరికను విడిచి, ఫ్రెంచి సేనానియగు రోషాంబోతో గూడ దక్షిణమునకు దండు నడపెను. సెప్టెంబరు 5వ తేదీని ఫ్రెంచివారు ఆంగ్లేయ నౌకలను తరిమివేసిరి. నేలను వాషింగ్టను, నీటిని ఫ్రెంచివారు కాచియుండగా, అక్టోబరు 19వ తేదీని కార్నువాలిసు ఏడువేలకు పైబడిన సైన్యముతో లొంగిపోయెను. ఈ కార్నువాలిసే 1786వ సంవత్సరమున మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, 1793వ సంవత్సరమున వంగదేశమున శాశ్వత పైసలా చేసినవాడు. ఆ పద్ధతియే తరువాత మన సర్కారు జిల్లాల జమీందారీలకును వచ్చినది. 1783వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీని పారిసు సంధివలన అమెరికా స్వతంత్రదేశమని ఇంగ్లండు ఒప్పుకొనెను.

ఈ విజయమునకు కారణము లేమి? వాషింగ్టను గెలిచిన యుద్ధములకంటె ఓడినవే యెక్కువ. కాని పట్టణములు పోయినను సైన్యము నిలిచినంతకాలము దేశము పోదని ఆయన గ్రహించెను. ఆంగ్లేయులు మూడువేల మైళ్ల సముద్రమును దాటి ప్రతి తుపాకిని, ప్రతి మనుష్యుని తేవలసియుండెను. పట్టణమును పట్టినను దాని చుట్టునున్న పల్లెలను పట్టజాలకపోయిరి. పల్లెలలో ప్రజల సంఘములు పరిపాలనము నడపుచుండెను. ఫ్రెంచివారి ధనమును, తుపాకిమందును, ఓడలును లేక యార్కుటౌను లేదు. ఒక్క వీరునివలననే యంతయు జరిగినదని చెప్పుట చరిత్రము గాదు. కాని ఆ యెనిమిదేండ్లును అందఱును నమ్మి చుట్టును చేరుట కొక స్తంభము కావలసియుండెను. ఆ స్తంభము వాషింగ్టను.

ఆయన ఘనత నిజముగా తెలియవచ్చినది యుద్ధము ముగిసిన పిమ్మటనే. 1783వ సంవత్సరము మార్చి నెలలో న్యూబర్గు శిబిరమున, ఏండ్లతరబడి జీతములు ముట్టని సైన్యాధికారులు ప్రతినిధిసభను బెదరింపవలయునని గుమిగూడిరి. వాషింగ్టను ఆ సభకు తానే పోయి, ఆ మార్గము తాము పోరి సంపాదించిన స్వాతంత్ర్యమునే చంపునని బోధించెను. వారు పూర్తిగా కరగలేదు. అంతట ఒక లేఖ చదువబోయి, అక్షరములు కనబడక తడబడి, జేబునుండి కండ్లజోడు తీసి పెట్టుకొనుచు, దేశసేవలో తనకు జుట్టు నెరసుటయేగాక చూపును మందగించినదని క్షమాపణము కోరెను. ఆయన కండ్లజోడు ధరించుట వారిలో పలువురు ఎన్నడును చూచియుండలేదు. ఆ వీరుల కన్నులు చెమర్చెను, కుట్ర ముగిసెను. ఆ డిసెంబరు 23వ తేదీని అన్నాపొలిసు పట్టణమున ప్రతినిధిసభ యెదుట నిలిచి, సేనాధిపత్యమును వారికి తిరిగి యిచ్చివేసి, పండుగనాటికి ఇల్లు చేరెను. సైన్యము తన చేతనుండగా, కోరినచో సింహాసనము దొరకగలిగియుండగా, ఉద్యోగము విడిచి పొలము దున్నించుకొన పోయిన విజేతలు లోకమున అరుదు.

1787వ సంవత్సరమున రాజ్యాంగరచనకు కూడిన సభకు ఆయన అధ్యక్షుడయ్యెను. 1789వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీని క్రొత్తరాజ్యమునకు మొదటి అధ్యక్షుడుగా ప్రమాణము చేసెను. 1790వ సంవత్సరమున న్యూపోర్టునందలి యూదులకు వ్రాసిన లేఖయందు, మతస్వాతంత్ర్యము ఒక వర్గమువారు మఱియొక వర్గమువారికి దయతో నిచ్చునది గాదనియు, అది యందఱికిని జన్మసిద్ధమైన హక్కనియు స్పష్టపఱచెను. రెండు తడవలు పదవియం దుండి, మూడవతడవ ప్రజలు కోరుదురని యెఱిగియు, 1797వ సంవత్సరమున తానుగా తప్పుకొనెను.

ఇంతవరకు చదివి సంతోషించిన చదువరులను మేమిప్పుడు మౌంటు వెర్ననులోని బానిసల గుడిసెల చెంతకు తీసికొనిపోవలసియున్నది. స్వాతంత్ర్యమునకై పోరిన యీ మహాపురుషుని పొలములందు ఆయన జీవితాంతమున 317మంది బానిస లుండిరి. యుద్ధమున విలియము లీ అను బానిస ఆయన గుఱ్ఱము వెంట తన గుఱ్ఱమును నడపుచు, ఎనిమిదేండ్లును ఆయనను విడువక కొలిచెను. 1781వ సంవత్సరమున ఆంగ్లేయుల ఓడ యొకటి మౌంటు వెర్నను రేవునకు రాగా, పదునేడుగురు బానిసలు స్వేచ్ఛ కోరి దాని నెక్కిపోయిరి. వలసలవారు ఎవ్వరి నెదిరించి స్వాతంత్ర్యము కోరిరో, వారి ఓడయే ఈ బానిసలకు స్వాతంత్ర్యద్వార మయ్యెను. యార్కుటౌను విజయానంతరము, శత్రుశిబిరమున దొరకిన పారిపోయిన బానిసలను యజమానులకు తిరిగి యప్పగింప వాషింగ్టను ఆజ్ఞాపించెను. మూలవాసుల విషయమునను ఆయన చేయి మెత్తనిది గాదు. 1779వ సంవత్సరమున ఆయన యాజ్ఞపై పోయిన దండు ఇరోక్వాయి జాతివారి గ్రామములు నలుబదికి పైగా తగులబెట్టి, పండిన చేలను నాశనము చేసెను.

అధ్యక్షుడై ఫిలడెల్ఫియాలో నున్నప్పుడు, ఆరుమాసములు దాటి యచ్చట నిలిచిన బానిసలు విముక్తి కోరవచ్చునని పెన్సిల్వేనియా శాసనము చెప్పుచుండెను. గడువు నిండకుండ తన బానిసలను రాష్ట్రపు సరిహద్దు దాటించి మరల రప్పించు ఉపాయము నాయన అవలంబించెను. 1796వ సంవత్సరమున ఓనా జడ్జి యను యువతి, మార్తా పరిచారిక, తన్ను యజమానురాలి మనుమరాలికి కానుకగా నియ్యనున్నారని తెలిసి, ఇంటివారు భోజనము చేయుచుండగా వెలికి నడచి, ఓడయెక్కి న్యూహాంపుషైరు చేరెను. వాషింగ్టను ఆమెను పట్టి తెప్పించుటకు ప్రభుత్వోద్యోగులకు వ్రాసెను. తరువాత బంధువును పంపెను. ఆమె చిక్కలేదు. పేదరికమున బ్రదికి, చదువ నేర్చుకొని, 1848వ సంవత్సరమున మరణించెను. శాసనదృష్టిని ఆమె చివరివఱకు బానిసయే. ధర్మదృష్టిని ఆమెయు స్వాతంత్ర్యయోధురాలే. సింహాసనమును విడువగలిగినవాడు ఒక దాసిని విడువలేకపోయెను!

అయినను ఆయన మనస్సు కదలక పోలేదు. బానిసల క్రయవిక్రయములవలన కుటుంబములు చీలుట చూచి, యుద్ధానంతరము అట్టి విక్రయములకు విముఖుడయ్యెను. బానిసత్వము క్రమముగా శాసనముచేత తొలగవలయునని స్నేహితులకు వ్రాసెను గాని, అధ్యక్షపదవినుండి బహిరంగముగా నొక మాటయైన పలుకలేదు; పలికినచో రాష్ట్రముల యైక్యము చెడునని భయపడెను. 1799వ సంవత్సరము జూలై నెలలో తన చేతితో వ్రాసిన మరణశాసనమున, తన సొంతమైన 123మంది బానిసలు భార్య యనంతరము విముక్తులు కావలయుననియు, వృద్ధులకు అన్నవస్త్రము లియ్యవలయుననియు, దిక్కులేని పిల్లలకు చదువును వృత్తియు నేర్పవలయుననియు శాసించెను. విలియము లీకి వెంటనే విముక్తియు భరణమును ఇచ్చెను. భార్య మొదటి భర్తవలన వచ్చిన బానిసలను విడుచుటకు ఆయనకు శాసనాధికారము లేకుండెను. డిసెంబరు నెలలో వానమంచులలో పొలములు తిరిగి వచ్చి, గొంతు వాచి, ఆ కాలపు వైద్యులు పలుమారులు రక్తము తీయగా నీరసించి, 14వ తేదీ రాత్రి 67వ యేట మరణించెను. మార్తా 1801వ సంవత్సరము జనవరి 1వ తేదీని ఆయన బానిసలను విడిచిపెట్టెను. ఆమె మరణించిన పిమ్మట తక్కినవారు మనుమల కాస్తిగా పంచబడిరి. పెండ్లిండ్లవలన కలిసిన కుటుంబములు అట్లు విడిపోయెను. దేశమంతటను బానిసత్వము తొలగుటకు గొప్ప అంతర్యుద్ధము జరిగి, 1865వ సంవత్సరము రావలసి వచ్చెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి? వాషింగ్టనును దేవునిగా నిలుపవలదు; దోషము కనబడగానే పారవేయనువలదు. పరుల అధికారము తన మెడపై నున్నప్పుడు దాని బరువు ప్రతివానికిని తెలియును. తన అధికారము ఇతరుల మెడపై నున్నప్పుడు దాని బరువు తెలియుట కష్టము. వాషింగ్టనునకు అది తెలిసినది గాని, ఆలస్యముగా తెలిసినది. తెలిసిన పిమ్మటను తన సౌఖ్యము గడచువఱకు వాయిదా వేసెను. ఆ వాయిదాలో ఎందఱి జీవితములు గడచిపోయెనో లెక్క లేదు. భూమియు, ఇల్లును, పనివారును, మాట చెల్లుబడియు గల మనబోంట్లకు ఈ చరిత్రమున అద్దమున వలె మన ముఖమే కనబడవలయును. దూరపురాజు చేయు అన్యాయమును ఖండించుటకు మనము జంకము. మన గడపలోపల మనము చేయుదానిని మరణశాసనమునకు విడిచిపెట్టుదుము. ఆయన సేనాధిపత్యమును తిరిగి యిచ్చివేసిన దినమును తలచుకొందము. ఓనా జడ్జి గడప దాటిన దినమును గూడ తలచుకొందము. మొదటిది చూపు మార్గమును నడచుచు, రెండవది అడుగు ప్రశ్నకు బ్రదికియుండగనే సమాధానము చెప్పగలిగితిమేని, ఈ మహాపురుషుని చరిత్రమును చదివినందులకు ఫలము కలిగినట్లే.